బండి పట్టుకునే ముందు లెక్క చెప్పాల

(యువజన సభలో మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన మీ కోసం రాతలో పెడుతున్నాం. చదివి, చదవలేని వాళ్లకు చదివి వినిపించండి.)

జై ఆదివాసీ!

మన సభల్లో మామూలుగా భూమి గురించి, పట్టాల గురించి, కుల ధ్రువీకరణ పత్రాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి బండి గురించి మాట్లాడతాను. రోడ్డు మీద "స్పీడ్‌గా వస్తుండావు, దిగు" అనే మాట గురించి, ఆ తర్వాత బండి పోయి స్టేషన్ గోడ పక్కన నిలబడే కథ గురించి.

ఇదేమన్నా పెద్ద సమస్యా అని మీలో కొందరికి అనిపించొచ్చు. విడవలూరు నుంచి ముత్తుకూరు దాకా మన కాలనీల్లో ఒక్కసారి తిరిగి చూడండి. ఇల్లు ప్రభుత్వం కట్టించింది. స్థలం కాగితం చాలామందికి లేదు. పడవ షావుకారుది. రొయ్యల గుంట రైతుది, దానికి మనం కాపలా. యానాది కుటుంబానికి తనదని చెప్పుకునే ఆస్తి ఏదన్నా ఉందంటే అది చాలా ఇళ్లల్లో పాత టీవీఎస్ ఎక్సెల్ బండే. కండలేరు ఉప్పుటేరులో పట్టిన ఎండ్రకాయలు బతికుండగానే కొనేవాడి దగ్గరికి చేరాల. చచ్చిన ఎండ్రకాయకు ధర లేదు. మైపాడు చేపలు నెల్లూరు సందుల్లో అమ్ముకోవాలన్నా, నెలలు నిండిన ఆడమనిషిని ఆస్పత్రికి చేర్చాలన్నా ఆ బండే. దాన్ని ఆపితే మూడు పూటల కూడు ఆగినట్టు.

ముందుగా ఒక మాట సూటిగా చెప్తాను. వేగంగా నడపడం మన హక్కు అని చెప్పడానికి నేను రాలేదు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయినారు. అందులో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే రాశారు. చచ్చిపోయింది ఎవురు? దాదాపు 45 శాతం రెండు చక్రాల బండ్ల మీద పోయేవాళ్లు, ఇంకో 19 శాతం నడిచిపోయేవాళ్లు. అంటే మనలాంటోళ్లు. కృష్ణపట్నం పోర్టు లారీలు తిరిగే రోడ్డు పక్కన బతికేవాళ్లకు వేగం అంటే ఏందో ఇంకొకరు నేర్పాల్సిన పనిలేదు. రోడ్డు మీద తనిఖీ కావాల. ఎక్కువ కావాల. కానీ ఆ తనిఖీ చట్టం ప్రకారం జరగాల. చట్టం మన మీద ఉన్నప్పుడు మన కోసం కూడా ఉండాల.

ఇప్పుడు మోటారు వాహనాల చట్టం, 1988 ఏం చెప్తుందో చూద్దాం.

అతివేగానికి శిక్ష 183వ సెక్షన్‌లో ఉంది. 2019 సవరణ తర్వాత చిన్న బండ్లకు 1,000 నుంచి 2,000 రూపాయల దాకా జరిమానా. దీన్ని అందరూ చెప్తారు. అదే సెక్షన్‌లో మూడో ఉపసెక్షన్ ఒకటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. ఒకే ఒక సాక్షి "నా అభిప్రాయంలో ఇతను వేగంగా పోతున్నాడు" అన్నంత మాత్రాన శిక్ష వెయ్యకూడదు అంటుంది అది. ఆ అభిప్రాయం ఏదో ఒక యంత్రంతోనో, ఎలక్ట్రానిక్ పరికరంతోనో కొలిచిన అంచనా మీద నిలబడాల. కంటిచూపు కొలత చాలదు. చెట్టు కింద నిలబడి చెయ్యి చూపించి "అరవైలో వస్తుండావు" అంటే అది మాట మాత్రమే, సాక్ష్యం కాదు.

సరే, స్పీడ్ గన్ ఉంది, కెమెరా ఉంది అనుకుందాం. దానికీ నియమాలున్నాయి. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ అని కొత్త నిబంధన చేర్చారు. దాని ప్రకారం ఆ పరికరానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఇచ్చిన ఆమోద పత్రం ఉండాల, దాన్ని ఏటా పునరుద్ధరించాల. ఇక్కడ కెమెరా నిఘా ఉందని బోర్డు ముందే కనబడేటట్టు పెట్టాల. నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాల. కేసు తేలేదాకా ఆ ఫోటో, ఆ రికార్డు దాచి పెట్టాల.

ఇంకోటి. ఎండ్రకాయలు కొనేవాడి తక్కెడ మీద మనకు ఎంత అనుమానమో మీకు తెలుసు. అందుకే తూనికలు కొలతల శాఖ తక్కెడను పరీక్షించి ముద్ర వెయ్యాలని చట్టం పెట్టారు. వేగాన్ని కొలిచే రాడార్ కూడా ఒక తక్కెడే గదా! అది కిలోలు తూచదు, కిలోమీటర్లు తూస్తుంది. అందుకే 2025లో కేంద్రం ఈ రాడార్ పరికరాలకు కూడా పరీక్ష, ముద్ర తప్పనిసరి చేస్తూ నిబంధనలు తెచ్చింది. 2025 జూలై 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. ముద్ర లేని తక్కెడతో మన సరుకు తూస్తే ఒప్పుకోం. ముద్ర లేని మిషన్‌తో మన వేగం తూస్తే ఎందుకు ఒప్పుకోవాల?

209వ సెక్షన్ ఇంకా ముఖ్యం. అతివేగం కేసులో శిక్ష పడాలంటే మూడింటిలో ఒకటి జరిగి ఉండాల. నీ మీద కేసు పెట్టే ఆలోచన ఉందని ఆ సమయంలోనే హెచ్చరించి ఉండాల. లేదా ఏ నేరం, ఎప్పుడు, ఎక్కడ అనేది చెప్తూ 14 రోజుల్లోగా నీకో, బండి రిజిస్టర్ అయిన యజమానికో నోటీసు ఇచ్చి ఉండాల, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఉండాల. అదీ కాకపోతే 28 రోజుల్లోగా కోర్టు సమన్లు అంది ఉండాల. పేరు, చిరునామా దాచిపెట్టినోళ్లకు ఈ రక్షణ లేదు. మామూలు మనిషికి మాత్రం ఇది గట్టి రక్షణ. ఎప్పుడో ఏడాది కింద ఏదో రోడ్డులో స్పీడ్‌గా పోయినావని ఈరోజు చెప్తే, ఆ రోజు ఎక్కడున్నామో మనమెట్లా గుర్తుపెట్టుకుంటాం? తన మాట తను చెప్పుకునే అవకాశం మనిషికి ఉండాలనే ఈ సెక్షన్ పెట్టారు.

ఇది వేగం సంగతి. ఇప్పుడు బండి గుంజుకునే సంగతి.

బండిని స్వాధీనం చేసుకునే అధికారం 207వ సెక్షన్‌లో ఉంది. ఆ సెక్షన్‌లో ఉన్న కారణాలు కొన్నే. లైసెన్స్ లేకుండా నడపడం, వయసు చాలని పిల్లలు నడపడం, అసలు రిజిస్ట్రేషనే లేకపోవడం, పర్మిట్ కావాల్సిన బండి పర్మిట్ లేకుండా తిరగడం, పర్మిట్‌లో రాసిన దారి, ప్రాంతం, పని కాకుండా వేరేదానికి వాడటం. అంతే. ఆ జాబితాలో అతివేగం లేదు. హెల్మెట్ లేదు. పాత చలాన్లు కట్టకపోవడం కూడా లేదు. వాటికి జరిమానా ఉండొచ్చు, కొన్నింటికి లైసెన్స్ సస్పెండ్ కావొచ్చు. బండి గుంజుకోమని మాత్రం 207 చెప్పదు. నడుస్తున్న బండికి చెయ్యి అడ్డం పెట్టి తాళం పెరుక్కోమని ఈ చట్టంలో ఏ సెక్షనూ చెప్పదు.

ఆ 207లోనే ఇంకో వెసులుబాటు ఉంది. లైసెన్స్ లేకపోయినా, పర్మిట్ లేకపోయినా, అధికారి బండికి బదులుగా ఆర్సీ మాత్రమే తీసుకొని రసీదు ఇవ్వొచ్చు. అంటే బండి ఇంటికి పోతుంది, కాగితం వాళ్ల దగ్గర ఉంటుంది, మనిషి కేసుకు జవాబు చెప్పుకుంటాడు. చట్టం రాసినోళ్లకు కూడు విలువ తెలుసు. రోడ్డు మీద ఆ దారి వాడింది మీలో ఎంతమంది చూశారు?

మా పక్క కాలనీలో ఒక అన్న సంగతి చెప్తాను. ఊరు పేరు, స్టేషన్ పేరు చెప్పను, ఆయనకు ఇంకా ఆ రోడ్డు మీదే బతుకు. తెల్లవారుజామున ఎండ్రకాయల పెట్టె కట్టుకొని పోతా ఉంటే ఆపారు. స్పీడ్ అన్నారు. మిషన్ లేదు, ఫోటో లేదు. కాగితాలు అడిగారు. లైసెన్స్ ఉంది. ఆర్సీ ఉంది, కానీ పాత ఓనర్ పేరు మీద ఉంది. "దొంగబండి అయ్యుంటుంది" అన్నారు. బండి లోపలికి పోయింది, పద్దెనిమిది రోజులు అక్కడే ఉంది. ఆ పొద్దు పెట్టెలో ఎండ్రకాయలన్నీ చచ్చినాయి. కొనేవాడు ముందే ఇచ్చిన అడ్వాన్సు అప్పుగా మారింది. బండి తిరిగొచ్చేసరికి బ్యాటరీ లేదు, టైర్లు దిగిపోయి ఉన్నాయి. దీని మీద కేసు ఏం రాశారంటే, ఏమీ రాయలేదు. ఏ కాగితమూ లేదు కాబట్టి ఎవర్ని ఏమని అడగాల?

పేరు మారకపోవడం ఒక తప్పు, రిజిస్ట్రేషన్ లేకపోవడం ఇంకో తప్పు. పేరు మార్పించుకోకపోతే 50వ సెక్షన్ కింద వేరే దారి, వేరే జరిమానా ఉంది. అది 207 జాబితాలో లేదు. ఒకవేళ 207 కింద సరైన కారణంతోనే పట్టుకున్నా, విడుదల కోసం యజమాని మాత్రమే కాదు, ఆ బండి ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి కూడా కాగితాలతో రవాణా అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది 207లో రెండో ఉపసెక్షన్. "ఓనర్‌ని తీసుకురా" అని తిప్పి పంపేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కోర్టులు ఏం చెప్పినాయి? సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు, పట్టుకున్న బండ్లను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచి ప్రయోజనం లేదని చెప్పింది. ఫోటోలు తీసుకొని, పంచనామా రాసుకొని, పూచీకత్తు తీసుకొని త్వరగా అప్పగించమంది. ఆ పని 15 రోజుల నుంచి నెలలోపు తేలాలంది. తాగి నడిపిన కేసుల్లో కూడా బండిని పట్టుకునే అధికారం పోలీసులకు లేదని, పక్కన తాగని లైసెన్స్‌దారు ఉంటే అతనికో, లేకపోతే పిలిపించిన బంధువుకో అప్పగించాలని తెలంగాణ హైకోర్టు 2021లో తీర్పు చెప్పింది. అది పక్క రాష్ట్రం తీర్పే, కానీ చట్టం ఒక్కటే. తాగి నడిపినోడి బండికి ఉన్న రక్షణ ఎండ్రకాయలు మోసే బండికి ఉండదా?

ఇంక న్యాయం సంగతికి వస్తాను. చట్టంలో రాసింది అమలు కాకపోవడం ఒక బాధ. రాసిందే సమానంగా లేకపోవడం ఇంకో బాధ.

రోజుకు 400 సంపాదించే మనిషి అనుకోండి. 2,000 జరిమానా అంటే అయిదు రోజుల కూలి. నెలకు రెండు లక్షలు వచ్చే మనిషికి అది రెండు మూడు గంటల పని. తప్పు ఒక్కటే, నోట్లో రాసిన అంకె ఒక్కటే, శిక్ష ఒక్కటి కాదు. ఫిన్లాండ్‌లో జరిమానాను మనిషి ఆదాయాన్ని బట్టి లెక్కేస్తారు. 2023లో అక్కడి ఆలాండ్ దీవుల్లో 50 వేగపరిమితి ఉన్నచోట 82లో పోయిన ఒక కోటీశ్వరుడికి 1,21,000 యూరోల జరిమానా పడింది. వాళ్లకు సాధ్యమైంది మనకు అసాధ్యం అనుకోవాల్సిన పనిలేదు.

జరిమానా కన్నా పెద్దది బండి పోవడం. జరిమానా కోర్టు వేసేది, నీ మాట విన్న తర్వాత. బండి పట్టుకోవడం నీ మాట వినకముందే జరిగేది. రేపు కోర్టులో నువ్వు తప్పు చెయ్యలేదని తేలినా, పోయిన పద్దెనిమిది రోజుల కూలి ఎవరిస్తారు? విచారణ కన్నా ముందే శిక్ష అయిపోతుంది. చట్టం అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని రాజ్యాంగం 300ఏ అధికరణ చెప్తుంది. మన 15,000 రూపాయల ఎక్సెల్ బండి కూడా ఆస్తే.

లారీల సంగతి పోల్చి చూడండి. మితిమీరిన లోడుకు 194వ సెక్షన్ కింద 20,000 జరిమానా, అదనపు టన్నుకు 2,000. ఆ లారీని ఎప్పటిదాకా కదలనివ్వరు? అదనపు లోడు దించేదాకా. దించితే పోవచ్చు. అది న్యాయమైన పద్ధతే, నేను తప్పు పట్టడం లేదు. ప్రమాదాన్ని తీసెయ్యి, బతుకును తీసెయ్యద్దు అనే సూత్రం అది. అదే సూత్రం మన బండికి కూడా వర్తించాలంటున్నా.

ఇదంతా మనకే ఎందుకు ఎక్కువ తగులుతుంది? నెల్లూరు జిల్లా చరిత్ర తెలిసినోళ్లకు జవాబు తెలుసు. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రానికి 1911 చట్టంతో అది విస్తరించింది. పుట్టుకతోనే మనుషుల్ని దొంగలని రాసుకొని, సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు తీసుకున్నారు. మన జిల్లాలోనే కావలిలో, కప్పరాళ్లతిప్పలో ఆ సెటిల్‌మెంట్లు నడిచినాయి. 1952లో దేశమంతా ఆ చట్టం పోయింది. చూపు మాత్రం పోలేదు. కొత్త బండి మీద పోతే "ఎక్కడిది రా ఇది" అనే మాట ఆ చూపు నుంచి వచ్చిందే. మన ముత్తాతలు కదలడానికి అనుమతి అడుక్కున్నారు. ఇప్పుడు మనం బండికి అదే అడుక్కోవాలా?

అయితే మన ఇంట్లో మనం చేసుకోవాల్సిన పని కూడా ఉంది. సెకండ్‌హ్యాండ్ బండి కొన్న రోజే పేరు మార్పించుకోండి, ఆలస్యం చెయ్యొద్దు. లైసెన్స్ తీసుకోండి. ఆటో, వ్యాను నడపడానికి ఎనిమిదో తరగతి చదివుండాలనే నిబంధనను 2019లోనే తీసేశారు, చదువు లేదని ఆగొద్దు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు మోటారు బండి ఇవ్వొద్దు. 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకు, బండి యజమానికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. హెల్మెట్ పోలీసు కోసం కాదు, తల కోసం పెట్టుకోండి.

ఆపినప్పుడు ఏం చెయ్యాల? ఇవి రాసుకోండి.

1. గొంతు పెంచొద్దు, పారిపోవద్దు. యూనిఫాంలో ఉన్న అధికారి అడిగితే లైసెన్స్ చూపించాల. ఫోన్‌లో డిజీలాకర్, ఎంపరివాహన్‌లో ఉన్న కాగితాలు కూడా చెల్లుతాయి.

2. వేగం అంటే "ఎంత వేగం, ఏ మిషన్‌తో కొలిచారు, ఫోటో ఉందా సార్" అని మర్యాదగా అడగండి. చలాన్‌లో టైము, చోటు, బండి నంబరు సరిగా ఉన్నాయో చూసుకోండి. ఫోటోలో ఉన్నది నీ బండేనా?

3. తప్పు చెయ్యలేదనుకుంటే డబ్బు కట్టే ముందు ఆలోచించండి. కట్టేస్తే కేసు అక్కడితో ముగిసిపోతుంది. లోక్ అదాలత్‌లో రాజీ పడితే దాని మీద అప్పీలు లేదు. ఒప్పుకోకపోతే కోర్టులో చెప్తాననొచ్చు.

4. బండి పట్టుకుంటే "ఏ సెక్షన్ కింద సార్, రసీదు ఇవ్వండి" అని అడగండి. బండి ఎట్లా ఉందో నాలుగు వైపులా ఫోటో తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే ఆ రోజే ఎస్పీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపండి. ఆ పోస్టు రసీదే మీ సాక్ష్యం.

5. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం హక్కు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్. 15100కు ఫోన్ చెయ్యండి, లేదా నెల్లూరు కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పొండి. బండి విడిపించుకోవడానికి మేజిస్ట్రేట్ ముందు భారతీయ నాగరిక సురక్షా సంహిత 497, 503 సెక్షన్ల కింద పిటిషన్ వెయ్యొచ్చు.

6. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ రోజు ఆ రోడ్డులో ఏ పరికరం వాడారు, దాని ఆమోద పత్రం ఏది, ముద్ర తేదీ ఎంత, ఎన్ని బండ్లు ఏ సెక్షన్ కింద పట్టుకున్నారు అని అడగండి. తెల్లకార్డు ఉన్నోళ్లకు ఫీజు లేదు.

మన డిమాండ్లు నాలుగే. నెల్లూరు యానాది ఐటీడీఏ, రవాణా శాఖ కలిసి కాలనీల్లోనే లైసెన్స్, పేరు మార్పిడి శిబిరాలు పెట్టాల. బతుకుదెరువు బండ్ల విషయంలో 207 కింద ఆర్సీ మాత్రమే తీసుకోవడం మామూలు పద్ధతి కావాల. పట్టుకున్న ప్రతి బండికీ సెక్షన్ రాసిన రసీదు ఇవ్వాల, ఆ జాబితా స్టేషన్ బయట బోర్డు మీద పెట్టాల. చట్టానికి విరుద్ధంగా బండి ఆపి ఉంచితే పోయిన కూలికి పరిహారం ఇవ్వాల. చట్టాన్ని అమలు చేసే యంత్రాంగమే ఈ చట్టాన్ని మీరితే రెట్టింపు జరిమానా అని 210బీ సెక్షన్ చెప్తుంది. ఆ సెక్షన్ పుస్తకంలో నిద్రపోకుండా చూడాల్సింది మనమే.

ఇదంతా ఒక్కడు అడిగితే "ఏందిరా నీ గొడవ" అంటారు. కాలనీ అంతా అడిగితే "రాసివ్వండి, చూస్తాం" అంటారు. కాబట్టి రాసిద్దాం. గడిచిన ఏడాదిలో మీ కాలనీలో ఎన్ని బండ్లు పట్టుకున్నారు, ఏ కారణం చెప్పారు, ఎన్ని రోజులు ఉంచారు, రసీదు ఇచ్చారా, ఎంత ఖర్చయింది? ఒక నోటు పుస్తకం తీసుకొని ఇంటింటికీ పోయి రాయండి. రాత రాని పెద్దోళ్లు చెప్తారు, చదువుకున్న మీరు రాయండి. ఆ లెక్క మన చేతిలో ఉన్న రోజు కలెక్టరాఫీసులో మన గొంతుకు బరువు ఉంటుంది.

జై ఆదివాసీ! జై భీమ్!